"వేరే ఆరాధనకి వెళ్లి ఉంటుందిలే": ఒక కతీడ్రల్ పారిష్‌లో కబురు ఎక్కడ తెగిపోయింది

ఆరాధనకి వచ్చేవాళ్లకి సంఘ సంగతులతో పంచే ఆ ఆదివారం కాగితం ఇంకా నా సొరుగులోనే ఉంది. ఎనిమిది పేజీలు. చివరి పేజీలో బలిపీఠం దగ్గర పూలు అమర్చేవాళ్ల డ్యూటీ పట్టిక, అందులో ఒక పెద్దావిడ పేరు. ఆ కాగితం అచ్చయ్యే నాటికి ఆవిడ ఆసుపత్రిలో చేరి ఐదో వారం నడుస్తోంది. కతీడ్రల్‌లో ఒక్కరికీ తెలియదు.

నేను ఒక ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి సంప్రదాయానికి చెందిన) కతీడ్రల్‌లో పారిష్ కోఆర్డినేటర్‌ని. సంఘస్తుల బాగోగులు, సంఘ సమాచారం రెండూ నా పనే. ఈ కేసులో ఏ ఊరు, ఏ దేశం అన్నది చెప్పను. మనుషులు గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. తీసుకున్న నిర్ణయాలు, చేసిన తప్పులు మాత్రం జరిగినవి జరిగినట్టే రాస్తున్నాను.

నేపథ్యం

కతీడ్రల్ అంటే బిషప్ పీఠం ఉన్న చర్చి. ఆ మాట లాటిన్‌లో కుర్చీకి వాడే పదం నుంచే వచ్చింది. ఆ కుర్చీ వల్లే ఆ చర్చికి రెండు బతుకులు. ఒకటి డయోసిస్‌కి, అంటే ఆ బిషప్ కింద ఉన్న ప్రాంతం మొత్తానికీ తల్లి చర్చిగా: గురువుల (ప్రీస్టుల) అభిషేకాలు, పెద్ద పెద్ద స్మారక ఆరాధనలు, కచేరీలు, చూడటానికి వచ్చే యాత్రికులు. రెండోది మామూలు పారిష్‌గా, అంటే స్థానిక సంఘానికి చర్చిగా: బాప్తిస్మాలు, పెళ్లి ప్రకటనలు, జబ్బులు, చావులు, ఎవరికి ఎవరి మీద కోపం వచ్చిందన్న సంగతులు. కతీడ్రల్‌కి పెద్ద అయిన డీన్, ఆయనతో పాటు చాప్టర్ అనే పాలక మండలిలో ఉండే గురువులు, అంటే కానన్లు, ఈ రెండింటినీ నడపాలి. మొదటిదానికి తేదీలుంటాయి, ఆహ్వానాలుంటాయి, ఆలస్యమైతే పరువు పోతుంది. రెండోది అరిచి అడగదు. అందుకని ఎప్పుడూ వెనకబడేది రెండోదే.

మా దగ్గర ఆదివారం మూడు ఆరాధనలు. పొద్దున ఎనిమిదికి 1662 నాటి ప్రార్థన పుస్తకం ప్రకారం పాటలు లేకుండా ప్రభురాత్రి భోజన సంస్కారం (రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన; క్లుప్తంగా సంస్కారం అంటాం). దానికి వచ్చేవాళ్లు కొద్దిమందే, అయిపోగానే వెళ్లిపోతారు. పదిన్నరకి క్వయర్‌తో, అంటే పాటల బృందంతో, పెద్ద ఆరాధన. పిల్లలు, కాఫీ, సందడి అంతా అప్పుడే. సాయంత్రం ఈవెన్‌సాంగ్. పాత మఠాల్లో సాయంత్రం, రాత్రి విడివిడిగా చేసే రెండు ప్రార్థనలను 1549 ప్రార్థన పుస్తకంలో ఇంగ్లండ్ ఆర్చ్‌బిషప్ క్రాన్మర్ ఒకటిగా కలిపితే తయారైన ఆరాధన ఇది. సంగీతం కోసం వచ్చేవాళ్లు, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చోవాలనుకునేవాళ్లు దీనికి వస్తారు. కాగితం మీద ఇది ఒకటే సంఘం. నిజానికి ఒకరి మొహం ఒకరికి తెలియని మూడు సంఘాలు.

మా ముందుకొచ్చిన సమస్య

పెద్దావిడ మేనకోడలు ఆఫీసుకి ఫోన్ చేసింది. తిట్టడానికి కాదు. "మా అత్తయ్యకి ఆసుపత్రికి సంస్కారం తీసుకొస్తారేమో అడుగుదామని చేశానండీ. ఆవిడేమో అడగొద్దంది. వాళ్లకి తెలిసే ఉంటుంది, పాపం తీరిక దొరకలేదేమో అంటోంది" అంది.

ఆ ఫోన్ పెట్టేశాక చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను. తిట్టి ఉంటే క్షమాపణ చెప్పి బయటపడేదాన్ని. మాకు తెలుసనే ఆవిడ అనుకుంటోంది. తెలిసీ రాలేదని నొచ్చుకోకుండా, మా తరఫున సాకు కూడా తనే వెతుక్కుంటోంది.

మరి ఐదు వారాలూ పూలెవరు పెట్టారు? ఆ జట్టులోనే ఇంకొకామె. పెద్దావిడ ఊరెళ్లే ఆలోచనలో ఉందని ఎప్పుడో విన్నదట. వెళ్లి ఉంటుందిలే అని తన వంతుతో పాటు ఆ వంతూ చేసేసింది, ఎవరికీ చెప్పలేదు. మంచితనంతో చేసిన పనే. కానీ పూలు ఆగి ఉంటే మొదటి వారమే ఎవరో ఒకరు "ఆవిడేది?" అని అడిగేవారు.

ముందు ప్రయత్నించినవి

విషయం చాప్టర్ సమావేశానికి వెళ్లింది. అందరి నోటా వచ్చిన మాట ఒకటే: సమాచార లోపం. సమాచారం సరిపోవట్లేదంటే ఇంకా ఎక్కువ పంపాలి అనుకున్నాం. నేనూ తలూపాను. నా లెక్క ఏమిటంటే, జనం సంఘ సంగతులు క్రమంగా చదువుతుంటే తమ సంగతులు చెప్పడమూ అలవాటవుతుందని. అలా ప్రతి గురువారం ఈమెయిల్ వార్తలు మొదలయ్యాయి. బాగా రాశాను, ఫొటోలు పెట్టాను. చదివేవాళ్లు పెరిగారు, మెచ్చుకున్నారు కూడా. రెండు నెలలు తిరక్కుండానే ఎనిమిది గంటల ఆరాధనకి వచ్చే ఒకాయన వృద్ధుల సంరక్షణ గృహానికి మారిపోయారని ఏడు వారాల ఆలస్యంగా తెలిసింది. ఆయన పక్కింటాయన మా ఈమెయిల్ ప్రతి వారం చదువుతాడు. చదివి ఊరుకుంటాడు, ఎందుకంటే ఆ ఈమెయిల్ ఆయన్ని ఏమీ అడగలేదు.

అప్పుడైనా నాకు అర్థం కావాల్సింది. కాలేదు. పై నుంచి కిందికి పంపితే కుదరట్లేదు కాబట్టి అందరినీ మాట్లాడనిద్దాం అనుకుని ఫోన్‌లో మెసేజ్ గ్రూప్ పెట్టాం. రెండు వారాలు ముచ్చటగా సాగింది. పోయిన గొడుగులు దొరికాయి, పుట్టినరోజు శుభాకాంక్షలు వెల్లువెత్తాయి. మూడో వారంలో ఒకామె, నిజంగా ప్రేమతోనే, ఇంకొకరి పేరు రాసి, వాళ్లకి ఏ పరీక్ష చేశారో, ఏ జబ్బని డాక్టర్లు అనుమానిస్తున్నారో కూడా రాసి, అందరూ ప్రార్థించండి అని పెట్టింది. జబ్బు మనిషి ఆ మాట ఇంకా సొంత కొడుక్కే చెప్పుకోలేదు. కోడలు ఆ గ్రూప్‌లో ఉంది.

ఆ సాయంత్రమే గ్రూప్ మూసేశాం. నేను ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాను. వాళ్లు తలుపు తీశారు, కూర్చోమన్నారు, అన్నీ మర్యాదగానే జరిగాయి. కానీ చాలా నెలలు కతీడ్రల్ గడప తొక్కలేదు. ఈ కేసులో అన్నిటికంటే పెద్ద నష్టం ఇదే, అది నా నిర్ణయం వల్ల జరిగింది. ఒక సంగతి మనకి తెలియడం వేరు, దాన్ని పదిమందికి చాటడం వేరు. నేను ఈ రెండింటినీ ఒకే గొట్టంలో పోశాను. యూరప్‌లో 2018 మే 25 నుంచి అమల్లోకి వచ్చిన డేటా చట్టం ఆరోగ్య వివరాలనీ మత విశ్వాసాన్నీ రెండింటినీ ప్రత్యేక రక్షణ కావాల్సిన సమాచారంగా చూస్తుంది. చర్చి ప్రార్థన జాబితాలో ఒక్క పేరు రాస్తే ఈ రెండూ ఒకేసారి బయటపడతాయి. అయినా చట్టం దాకా ఎందుకు, ఆ కోడలి మొహం చూస్తే చాలు.

మూడో ప్రయత్నం గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. ఆరాధనలో నోటి ప్రకటనలు పెంచాం. అవి పన్నెండు నిమిషాలకి చేరేసరికి జనం గడియారాలు చూసుకోవడం మొదలుపెట్టారు.

ప్రిసెంటర్ గారి అభ్యంతరం

ఆ ప్రకటనల మీద మొదట విరుచుకుపడింది ప్రిసెంటర్. ఆరాధన క్రమం, సంగీతం ఆయన బాధ్యత. 1662 పుస్తకం తీసుకొచ్చి నా బల్ల మీద పెట్టారు. విశ్వాస ప్రమాణం చెప్పాక రాబోయే వారంలోని పండుగ రోజులు, ఉపవాస దినాలు, అవసరమైతే సంస్కారం, పెళ్లి ప్రకటనలు చదవాలనీ, ఆరాధన జరుగుతుండగా గురువు తప్ప ఇంకెవరూ ఏదీ ప్రకటించకూడదనీ, ఆయన కూడా విధించినవి తప్ప వేరేవి చెప్పకూడదనీ అందులో ఉంది. "కేకుల అమ్మకం ఇందులో ఎక్కడుందో చూపించండి" అన్నారు.

తన క్వయర్ సమయం కాపాడుకుంటున్నాడనుకుని మనసులో విసుక్కున్నాను. ఆయన్ని ఓడించే వాక్యం ఏదైనా దొరుకుతుందేమోనని ఆ రాత్రి పుస్తకం తిరగేశాను. దొరికింది వేరే. సంస్కారం తీసుకోదలిచినవాళ్లు కనీసం ముందు రోజైనా తమ పేర్లు గురువుకి తెలియజేయాలి అని ఆ క్రమం మొదట్లోనే ఉంది. జబ్బుపడ్డవారిని దర్శించే క్రమం మొదలయ్యేదే, ఎవరికైనా జబ్బు చేస్తే పారిష్ గురువుకి కబురు అందించాలి అన్న మాటతో. ఇంగ్లండ్ చర్చి 1604లో చేసుకున్న నిబంధనల్లో 67వది ఇంకో మెట్టు పైకి వెళ్తుంది: ఎవరైనా ప్రాణం విడుస్తుంటే గంట మోగించాలి, గురువు తన ఆఖరి కర్తవ్యంలో అశ్రద్ధ చేయకూడదు.

పేర్లు ముందు రోజు ఇచ్చే పద్ధతి ఎన్నడో అటకెక్కింది, దాన్ని మళ్లీ తేవాలని నేను అనట్లేదు. కానీ ఆ పాత ఏర్పాట్లలో సగం కబుర్లు బయటికి పోవడానికి కాదు, లోపలికి రావడానికి. 1859లో ఇంగ్లండ్‌లోని డార్బీలో ఒక వికార్ (పారిష్ గురువు) పారిష్ పత్రిక అనే పద్ధతిని మొదలుపెట్టిన దగ్గర్నుంచి అచ్చు, ఈమెయిల్, ఫోన్ అంటూ మేమంతా బాగుచేసుకుంటూ వచ్చింది బయటికి పోయే దారినే. లోపలికి వచ్చే దారి సంగతి ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకునే పని ఎవరి డ్యూటీ పట్టికలోనూ లేదు.

వెనక్కి నడిచి చూశాక

కొత్తది ఏదీ మొదలుపెట్టకుండా ఒక నెల ఆగుదామని డీన్‌ని అడిగాను. ఆయనకి నచ్చలేదు, ఏదో ఒకటి చేస్తున్నట్టు కనపడాలిగా. అయినా ఒప్పుకున్నారు.

ఆ నెలలో ఐదు సంఘటనలు తీసుకున్నాను: రెండు మరణాలు, ఒక దీర్ఘ జబ్బు, ఒక పుట్టుక, ఒక ఇల్లు మారడం. ఒక్కొక్కదాన్నీ పట్టుకుని వెనక్కి నడిచాను. ముందు ఎవరికి తెలిసింది? వాళ్లు ఎవరికి చెప్పారు? కబురు ఎక్కడ ఆగింది? ఐదింట్లో ఒక్కసారి కూడా ముందు తెలిసింది గురువులకి కాదు. నాలుగింట్లో వర్జర్‌కి తెలుసు. ఊరేగింపు ముందు వెండి కర్ర పట్టుకుని నడిచేది, తలుపులు తీసేది, వేసేది, కొవ్వొత్తులు చూసుకునేది ఆయనే. జనం ఆయనకి చెబుతారు, ఎందుకంటే ఆయన అక్కడ ఉంటాడు. "మరి ఎవరికీ చెప్పలేదేం?" అన్నాను. "నన్నెవరడిగారు?" అన్నాడు.

ఇక కబురు ఆగిన చోటు. అందరి నోటా, పదాలు కూడా మారకుండా, ఒకే మాట: "వేరే ఆరాధనకి వెళ్లి ఉంటుందిలే అనుకున్నాం." చిన్న చర్చిలో ఖాళీ చోటు మాట్లాడుతుంది. మూడో వరసలో ఎప్పుడూ కూర్చునే మనిషి లేకపోతే అందరూ తిరిగి చూస్తారు. కతీడ్రల్‌లో ఆ చోట్లో ఎవరో యాత్రికుడు కూర్చుంటాడు. మిగతావాళ్లకి మూడు ఆరాధనలు ఉన్నాయన్న ధీమా. పెద్దావిడ విషయంలో ఎనిమిది గంటలవాళ్లు పదిన్నరకి వస్తోందనుకున్నారు, పదిన్నరవాళ్లు ఈవెన్‌సాంగ్‌కి మారిందనుకున్నారు.

పని చేసింది

చివరికి చేసింది చూడ్డానికి చాలా చిన్నది. ప్రతి సోమవారం పొద్దున పావుగంట, ఒక్కో ఆరాధనలో తలుపు దగ్గర పుస్తకాలిచ్చే ఒక్కొక్కరు, వర్జర్, నేను కూర్చుంటాం. కానన్లని పిలవలేదు. వాళ్లుంటే అది సమావేశం అయిపోతుంది, మినిట్స్ రాయాల్సి వస్తుంది.

మొదటి రెండు వారాలు "ఏమిటి విశేషాలు?" అని అడిగాను. ఏమీ రాలేదు, లేదా పుకార్లు వచ్చాయి. మూడో వారం ప్రశ్న మార్చాను: "నిన్న ఎవరు కనపడలేదు?" గబగబా ఆరు పేర్లు వచ్చాయి. అందులో మూడింటిని ఈవెన్‌సాంగ్ మనిషి అక్కడికక్కడే కొట్టేశాడు, వాళ్లు సాయంత్రం వచ్చారు. ఒకరు సెలవు మీద ఊరెళ్లారని వర్జర్ చెప్పాడు. మిగిలినవి రెండు. ఒక సోమవారానికి అది చేయగలిగే పని.

రెండు ఆదివారాలు ముగ్గురికీ కనపడని మనిషికి ఒక్క ఫోన్. అది ఎవరు చేయాలన్నదాని మీద వాదన జరిగింది. గురువు చేస్తేనే గౌరవం అని డీన్ అన్నారు. నేను ఒప్పుకోలేదు. రెండు వారాలు రానందుకు కానన్ ఫోన్ చేస్తే ఏదో తనిఖీలా ఉంటుంది. పక్క వరసలో కూర్చునే మనిషి చేస్తే "ఏమైంది, కనపడలేదు" అన్నట్టుంటుంది. అవసరమైతే గురువు తర్వాత వెళ్తారు.

గ్రూప్ నేర్పిన పాఠాన్ని ఒక చిన్న చీటీలో పెట్టాం. జబ్బు సంగతి చెప్పినవాళ్లని మూడు ప్రశ్నలు అడుగుతాం: గురువులకి మాత్రమేనా, విజ్ఞాపన ప్రార్థనలో పేరు చదవొచ్చా, కాగితంలో అచ్చు వేయొచ్చా. జవాబు జబ్బు మనిషి నోటి నుంచే రావాలి, ప్రేమగల స్నేహితుల నుంచి కాదు. పేరు నాలుగు వారాలుంటుంది. ఆపైన మళ్లీ అడిగితేనే కొనసాగుతుంది. ఈ గడువు పెట్టాక బయటపడిన సంగతి ఒకటుంది. జాబితాలో ఉన్న ఒకాయనకి ఫోన్ చేస్తే నయమై ఏడాది దాటిందన్నారు. ప్రతి ఆదివారం తన ఆరోగ్యం కోసం తానే ప్రార్థిస్తూ కూర్చున్నారట, ఆపమని చెప్పడానికి మొహమాటపడి.

కాగితాన్ని ఎనిమిది పేజీల నుంచి ఒక్క మడత షీటుకి దించాం. ముందు మనుషుల సంగతులు, తర్వాత కార్యక్రమాలు. డ్యూటీ పట్టిక పూర్తిగా తీసేశాను, దాని మీద నాకు కోపం మరి. నోటి ప్రకటనలు ఆరాధన మొదలవక ముందే, మూడుకి మించకుండా. కచేరీల కమిటీ కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. ప్రిసెంటర్ మాత్రం కాఫీ ఇప్పించారు.

పని చేసినదాంట్లోనూ తెగినవి

వర్జర్ రెండు వారాలు సెలవు పెడితే సోమవారం పావుగంట ఐదు నిమిషాలకి కుంచించుకుపోయింది. అంతకుముందు అందరి కబుర్లూ ఆయన తలలో ఉండేవి, ఇప్పుడూ అక్కడే ఉన్నాయని అప్పుడు తెలిసింది. ఆయన చోట్లో ఇంకో ఇద్దరు నిలబడటం నేర్చుకోవాల్సి వచ్చింది. అంటే ఆరాధన అయ్యాక తలుపు దగ్గర ఏ పనీ లేనట్టు కనపడటం. చాలా కష్టమైన పని, ఒకరు మధ్యలోనే మానేశారు.

ఇంకొకాయన నేరుగా నా దగ్గరికి వచ్చి, "నా హాజరు వేస్తున్నారా?" అన్నారు. ఆయన కావాలనే కొన్నాళ్లు దూరంగా ఉన్నారు. కారణం చెప్పలేదు, నేను అడగలేదు. ఇద్దరు వేర్వేరుగా ఫోన్ చేశారట. ఆయన కోపం న్యాయమే. అప్పటి నుంచి ఒక్క ఫోనే, ఎవరు చేస్తారో సోమవారమే తేల్చుకుంటాం. "బాగానే ఉన్నాను" అంటే అక్కడితో ఆపేస్తాం. కనపడనివాళ్ల పేర్లు రాసుకున్న కాగితం ఆ సోమవారమే చింపేస్తాం.

ఈవెన్‌సాంగ్ సంగతి ఇంకా తేలలేదు. అక్కడికి వచ్చేవాళ్లలో కొందరు తమని ఎవరూ గుర్తుపట్టరనే వస్తారు. స్తంభం వెనక కూర్చుని ఆఖరి పాట ముందే లేచి వెళ్లే ఒకామె గురించి సోమవారం రెండుసార్లు చర్చ వచ్చింది. ఆమె పేరు మాలో ఎవరికీ తెలియదు. పలకరిద్దామని ఒకరు, వద్దని వర్జర్. ఇప్పటికి వర్జర్ మాటే నెగ్గింది.

పెద్దావిడ ఇంటికి వచ్చాక ఆవిడకి సంస్కారం తీసుకెళ్లింది, బిషప్ అనుమతి ఉన్న సంఘస్తురాలు. ఐదు వారాలూ చెప్పకుండా ఆవిడ పూల వంతు చేసిన మనిషే. ఒకరోజు నేనూ వెంట వెళ్లాను. డ్యూటీ పట్టిక గురించి క్షమాపణ చెప్పబోయాను. జబ్బుగా ఉన్న మనిషి పేరు అలా అచ్చు వేస్తూ పోయామని నాకున్న సిగ్గంతా ఒకేసారి బయటికొచ్చింది. ఆవిడ నవ్వింది. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ మేనకోడలు ఫోన్‌లో ఆదివారం కాగితం తెరిచి చివరి పేజీ చదివి వినిపించేదట. "నా పేరు తీసేయలేదు. లేచి వస్తాననే అనుకుంటున్నారు అనుకున్నాను" అంది.

తర్వాతి ఆదివారం నుంచి పూల డ్యూటీ పట్టిక మళ్లీ అచ్చులోకి వచ్చింది. మడత షీటులో చోటు లేక అక్షరాలు బాగా చిన్నవి చేయాల్సి వచ్చింది.